బయటి వరసలో పద్నాలుగో బిళ్ళ

పొద్దున్నే క్లినిక్కు తలుపు తీసి ఫ్యాను వేయగానే గోడమీది చెక్కకు వేలాడే ఇత్తడి బిళ్ళలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ వెంటనే లోపలి గదిలో పనిముట్లు ఉడికించే ఆటోక్లేవ్ ఆవిరి వదులుతుంది. వేడి ఇనుము వాసన, ఉడికిన గుడ్డ వాసన కలిసి వస్తాయి. నేను నిలబడి ఉండేది కోలారు బస్టాండు వెనక సందులో. కానీ ఆ చప్పుడూ ఆ వాసనా కలిసేసరికి నాకు కనబడేది బంగారు గనుల పక్కన కోరమండల్‌లో రుక్మిణి డాక్టరమ్మ వరండా. ఈ చెక్క ఆమెదే. దానికి రెండు వరసల మేకులు. పైది బయటి వరస, కిందిది లోపలి వరస. బయటి వరసలో పద్నాలుగో నంబరు బిళ్ళ ఒక్కటి ఎప్పుడూ కదిలేది కాదు. పదమూడు తర్వాత పదిహేనును పిలుస్తారేమి డాక్టర్, ఆ పద్నాలుగాయన నిద్రపోయినాడా అని వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఎందుకు కదలదో నాకూ తెలిసేది కాదు. పోయిన నెల తెలిసింది. అందుకే ఇదంతా రాయాలని కూర్చున్నాను.

నా పేరు శైలజ, ఊరు మాలూరు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. పళ్ళ వైద్యం చదువు ముగించి, బెంగళూరు క్లినిక్కుల్లో రెండుచోట్ల కుదురుకోలేక, రైలెక్కి కోరమండల్ పోయి డాక్టరమ్మ దగ్గర చేరాను. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. సన్నటి మనిషి. నూలుచీర, దానిమీద మోకాళ్ళదాకా తెల్లకోటు, చెవులకు చిన్న రాళ్ళ కమ్మలు. పెళ్ళి చేసుకోలేదు. షుగరు ఉండేది, దాన్ని ఇంటికొచ్చిన చుట్టంలాగా వేళకు మర్యాదలు చేసి చూసుకునేవారు. ఇంటి ముందు రెండు గదులు క్లినిక్కు, వెనక రెండు గదుల్లో కాపురం. గనిలో పనిచేసి రిటైరైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు, బేతమంగలం వైపు పల్లెల నుంచి వచ్చే రైతులు, వీళ్ళే మా రోగులు. ఆమెది మాట తక్కువ, పని నిదానం. నాకేమో ముక్కుమీద కోపం, అన్నిటికీ తొందర. మా ఇద్దరికీ ఎట్లా పొసగిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

మొదటి రోజే చీవాట్లు తిన్నాను. పనిముట్లన్నీ సబ్బునీళ్ళలో రుద్ది, కడిగి, పళ్ళెంలో సర్ది ఆటోక్లేవ్‌లో పెట్టబోతుంటే డాక్టరమ్మ వచ్చి, నోట్లో పెట్టే చిన్న అద్దం ఒకటి తీసి కిటికీ వెలుతురుకు పట్టారు. కాడ అతుకు దగ్గర పంటికి పెట్టే సిమెంటు ఆవగింజంత అంటుకుని ఉంది. పళ్ళెం మొత్తం మళ్ళీ తొట్టిలోకి వంచేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ కడిగాను గదా అన్నాను.

“కడిగినావు. చూసినావా?” అన్నారు.

అంతే, ఇంకొక్క మాట లేదు. అరిచినా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. మళ్ళీ అన్నీ కడిగి, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసేసరికి మధ్యాహ్నమైంది.

ఆ బిళ్ళలు ఆమె వాళ్ళ నాన్నవి. ఆయన గనిలో టోకెన్ గుమాస్తా. కిందికి దిగే ప్రతి మనిషికీ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తారు. పైకి వచ్చినవాడు దాన్ని తిరిగి ఇస్తే మేకుకు తగిలిస్తారు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఒకసారి పని వేళ ముగిసినా ఒక మేకు ఖాళీగా ఉండిపోయిందట. వాడు ఎప్పుడో ఇంటికి పోయుంటాడు, నువ్వు పోయి అన్నం తిను అని అందరూ చెప్పారట. ఆయన కదల్లేదు. మనుషుల్ని కిందికి పంపి వెతికించాడు. తీరా చూస్తే ఆ మహానుభావుడు బిళ్ళ జేబులోనే వేసుకుని చెల్లెలి పెళ్ళికి పోయి, పందిట్లో కూర్చుని లడ్డూలు తింటున్నాడు. ఈయన పెళ్ళింటిదాకా నడిచిపోయి, మనిషిని కళ్ళారా చూసి, బిళ్ళ తెచ్చి మేకుకు తగిలించాకే అన్నం తిన్నాడట. గని మూతబడినప్పుడు ఎవరికీ పట్టని పాత బిళ్ళలు కొన్ని అడిగి తెచ్చుకున్నాడు. కూతురి క్లినిక్కు కోసం చెక్కకు మేకులు కొట్టి ఇచ్చింది కూడా ఆయనే.

మా పద్ధతి ఏమిటంటే, రోగి రాగానే ఒక నంబరు చెప్పి, చెక్క అంచున కొక్కేనికి గుత్తిగా ఉండే బిళ్ళల్లోంచి ఆ నంబరును తీసి బయటి వరసలో తగిలిస్తాం. మనిషి ఆరోగ్యం సంగతి కనుక్కుని, వాడబోయే పనిముట్లు చూసినవాళ్ళే దాన్ని లోపలి వరసకు మార్చాలి. లోపలి వరసలో బిళ్ళ కనబడితే డాక్టరమ్మ ఇక ఏమీ అడగరు, ఆ నంబరును పిలుస్తారు. “నోటిమాట ఎప్పుడన్నా అటూ ఇటూ కావచ్చు. బిళ్ళతో అబద్ధం ఆడగూడదు మా. మా నాయన చెప్పిన మాట ఇది” అనేవారు. అప్పట్లో ఆ మాటలో మొదటి సగం నేను పట్టించుకోలేదు.

కరోనా వచ్చాక పళ్ళ డాక్టర్లు చాలామంది తలుపులు వేసుకున్నారు. వేసుకోక ఏం చేస్తారు? రోగం ఉండేది గొంతులో, ఉమ్మిలో. మేం పనిచేసేది సరిగ్గా అక్కడే. డ్రిల్లు పంటికి తగిలితే నోట్లో తడి అంతా తుంపరలై మొహమ్మీదికి లేస్తుంది. కానీ పంటినొప్పి లాక్‌డౌన్ మాట వింటుందా? రాత్రంతా బుగ్గ పట్టుకుని కూర్చున్నవాళ్ళు పొద్దున్నే గేటు తట్టేవాళ్ళు. డాక్టరమ్మ వారం రోజులు ఆలోచించి, ఉమ్మితో చేసే పరీక్ష కిట్లు తెప్పించారు. కాంపౌండులో టార్పాలిన్ కట్టి, కింద దూరదూరంగా కుర్చీలు వేయించారు. అరగంట ముందు నుంచి నోట్లో వక్కాకు, కాఫీ, చివరికి నీళ్ళు కూడా పడకూడదు. రోగి గొట్టంలో ఉమ్మి ఇస్తే, అందులో కొంత మందునీళ్ళతో కలిపి పట్టీమీద వేస్తాం. ఒక గీత తేలితే రోగం కనబడలేదని, రెండు తేలితే ఉందని. ఒక గీత వచ్చినవాళ్ళకే డ్రిల్లు. రెండు వచ్చినవాళ్ళకు మాత్రలిచ్చి పెద్దాసుపత్రికి పంపడం. రోజూ మాలూరు నుంచి వచ్చిపోయే రైళ్ళు ఆగిపోయాయి కాబట్టి నేను ఆమె ఇంట్లోనే వెనక గదిలో ఉండిపోయాను. మాకు సాయం చేసే ఆమె ఊరికి పోయింది. బయట పరీక్షలు నావి, లోపల కుర్చీ డాక్టరమ్మది.

ఆ పట్టీతో ఒక చిక్కు ఉంది. దానిమీద ఉత్త నీళ్ళు పోసినా ఒక గీత వస్తుంది. పట్టీ పనిచేస్తోందని చెప్పే గీత అది, మనిషి సంగతి చెప్పదు. అందుకని మొదటి రోజే డాక్టరమ్మ నా చేతికి రెండు గొట్టాలిచ్చారు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఆమె ఉమ్మి. “వంచి చూడు. ఉమ్మి నిదానంగా దిగుతాది, నీళ్ళు పరిగెత్తుతాయి. వంచి చూసినాకే పట్టీ ముట్టు” అన్నారు. సరే సరే అన్నాను. నాకు చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబుతున్నారని లోపల చిరాకు.

ఉమ్మడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. బజారు గోడలన్నీ వక్కాకుతో ఎర్రగా చేసిన పెద్దమనిషి ఒకాయన, గొట్టం చేతికిస్తే చుక్క రాక బిక్కమొహం వేశాడు. డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, రాయల్పాడు పచ్చిమామిడికాయను తలుచుకోప్పా, ముక్కలు కోసి ఉప్పూకారం అద్దినట్టు తలుచుకో అన్నారు. ఆయన కళ్ళు మూసుకుని తలుచుకున్నాడు. గొట్టం సగానికి నిండింది. పక్క కుర్చీల్లో తలుచుకున్నవాళ్ళ గొట్టాలూ నిండాయి. ఆ రోజు మేం ఎంత నవ్వుకున్నామో చెప్పలేను.

మంజుల వచ్చింది ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం. బేతమంగలం పక్క పల్లె. ఇరవై రెండేళ్ళుంటాయి. ఒళ్ళో ఆరునెలల పాప. మామగారు బండిమీద తీసుకొచ్చాడు. కింది దవడ వాచి మూడు రాత్రులుగా నిద్ర లేదు. నేను ఆమె బిళ్ళను, పద్నాలుగో నంబరు, బయటి వరసలో తగిలించి గొట్టం ఇచ్చాను. మామ ఎదురుగానే కూర్చున్నాడు. ఆమె గొట్టం పట్టుకుని చాలాసేపు తల దించుకుని కూర్చుంది. త్వరగా కానివ్వమ్మా అని నేను ఒకసారి గసిరాను. అప్పుడు లేచి, పాప మొహం కడుగుతానని కొళాయి దగ్గరికి పోయి వచ్చి గొట్టం నా చేతికిచ్చింది. ఇంకా ఆరుగురు ఉన్నారు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను గొట్టం వంచలేదు. పట్టీమీద వేశాను, ఒక గీత వచ్చింది, బిళ్ళను లోపలి వరసకు మార్చాను.

లోపల డాక్టరమ్మ డ్రిల్లు పట్టుకోగానే ఆ పిల్ల వణికిపోయిందట. మాస్కు, షీల్డు, నీలం గౌను వేసుకున్న ఆకారాన్ని చూసి నోరు తెరవలేదు. డాక్టరమ్మ షీల్డు పైకెత్తి, మాస్కు గడ్డం కిందికి లాగి, నా మొగం చూడు తల్లీ, నేనూ ఆడమనిషినే అన్నారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కాసేపు అట్లాగే కూర్చున్నారు. బిళ్ళ లోపలి వరసలో ఉన్నవాళ్ళ దగ్గర, బాగా భయపడితేనే, ఆమె అట్లా చేసేవారు. తర్వాత పన్ను తెరిచి, చీము వదిలించి, పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపారు.

సాయంత్రం గొట్టాలు పారేసే ముందు ఆమె ఒక్కొక్కటే వంచి చూస్తున్నారు. పద్నాలుగో నంబరు దగ్గర ఆగారు. మళ్ళీ వంచారు. మిగిలిన నీళ్ళు ఇటు నుంచి అటు గబగబా పరిగెత్తాయి. నురగ లేదు, జిగట లేదు. ఆమె నేరుగా చెక్క దగ్గరికి పోయి, లోపలి వరసలో ఉన్న పద్నాలుగో బిళ్ళను తీసి బయటి వరసలో తగిలించారు. ఆ పిల్లకు ఫోన్ చేశారు. అవతల ఆమె ఏడుస్తూ ఒప్పుకుంది. మామ ముందర ఎట్లా ఉమ్మేదని, కొళాయి నీళ్ళు పట్టానని. డాక్టరమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

“తప్పు ఆ పిల్లది కాదు. కోడలు మామ ఎదుట ఉమ్ముతాదా? ఆ కుర్చీ ఆడ వేసింది మనం” అన్నారు.

అప్పటికప్పుడే క్లినిక్కు మూసేశారు. ఆ రోజు ఆమె తర్వాత వచ్చిన ఆరుగురికీ తనే ఫోన్ చేసి ఇంట్లో ఉండమని చెప్పారు. మరుసటి రోజు మంజులను ఒంటరిగా రమ్మని, పెరట్లో తన పాత ఆకుపచ్చ చీర అడ్డం కట్టి, దాని వెనక ఉమ్మి ఇప్పించి, ఆ గొట్టాన్ని కోలారు ల్యాబుకు పంపారు. ఫలితం తెలిసేదాకా మాకిద్దరికీ రోగం ఉన్నట్టే లెక్క అన్నారు. ఆమె ముందు గదిలో, నేను వెనక గదిలో. అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టి తలుపు తట్టి పోవడం. నేను రాత్రంతా ఏడ్చాను. అరవై దాటిన షుగరు మనిషి. నా తొందర ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. పొద్దున సంచి సర్దుకుని, తలుపు ఇవతలి నుంచే చెప్పాను, ఈ పని నాకు తగదు, మాలూరు పోయి ఏ ఫ్యాక్టరీ ఆఫీసులోనో లెక్కలు రాసుకుంటాను, ఇంకెప్పుడూ ఒకరి నోట్లో చెయ్యి పెట్టను అని. అవతలి నుంచి డాక్టరమ్మ, పది రోజులు ఆగి పో, ఇప్పుడు పోతే మీ నాయనకు అంటిస్తావు అన్నారు.

మూడో రోజు ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఆమె వరండాలో నిలబడి మాట్లాడుతుంటే నేను వరండా కనబడే నా గది కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్నాను. ఫోన్ పెట్టేసి, చెంబెత్తి నీళ్ళు తాగి, చెక్క వైపు ఒకసారి చూశారు. తర్వాత నా కిటికీ వైపు తిరిగారు.

“నెగటివ్ అంట. ఇంగ నీ ఏడుపు చాలించు” అన్నారు.

నేను చేతులు జోడించి దేవుళ్ళందరికీ మొక్కాను. అయితే క్లినిక్కు తెరుద్దామా అన్నాను. చెప్పిన రోజులు చెప్పినట్టే, పూర్తిగా ఉండాల్సిందే అన్నారు. నాకు చిరాకు వేసింది. లేదని తేలాక కూడా ఈ జైలేమిటి, ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఇంకో రెండు రోజులకు ఆమెకు జ్వరం వచ్చింది, తర్వాత ఆయాసం. కూరగాయల బండివాడి దగ్గర అంటుకునింటాది అన్నారు. బండివాడు గేటు బయటే నిలబడతాడు, కూరలు బుట్టలో వేసి పోతాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

కోలారు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద రెండు వారాలకు పైగా ఉన్నారు. నాకు రోగం రాలేదు. రోజుకొకసారి ఫోన్లో ఆమె మాట వినబడేది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ. తనకెలా ఉందో చెప్పరు. పెరట్లో చీర తెర గట్టిగా కట్టించు, ఆడవాళ్ళకు కొళాయి దూరంగా కుర్చీ వెయ్యి, గసరొద్దు, ఇవే మాటలు. నేను అన్నీ చేశాను. సంచి సర్దుకున్న సంగతి మరిచేపోయాను.

ఆమె తిరిగి వచ్చిన రోజు సగం మనిషయ్యారు. ఆటో దిగి, లోపలికి రాకుండా టార్పాలిన్ కింద కుర్చీలో కూర్చుని, గొట్టం ఇయ్యి అన్నారు. ఆసుపత్రివాళ్ళు చూసే పంపారు గదా అన్నాను. ఆమె చెయ్యి చాపే ఉన్నారు. చీర వెనక్కి పోయి వచ్చి గొట్టం నా చేతికిచ్చారు. నేను వంచి చూశాను. నిదానంగా దిగింది. పట్టీమీద వేసి, కాసుకుని కూర్చున్నాను. ఒకటే గీత. ఒకటో నంబరు బిళ్ళ తీసి లోపలి వరసలో తగిలించాను. అప్పుడు లేచి లోపలికి వచ్చారు. పద్నాలుగు ఇంకా బయటి వరసలోనే ఉండటం చూసి, దాన్నీ తీసి సర్దబోయాను. అది ఆడనే ఉండనీ, ముట్టొద్దు అన్నారు. మేకు వదులైందేమో అనుకున్నాను.

తర్వాత ఇంకా కొన్నేళ్ళు ఆమె దగ్గర పనిచేశాను. కోలారులో నేను సొంతంగా క్లినిక్కు పెట్టుకునేదాకా తరిమి తరిమి పంపింది కూడా ఆమే. పోయినేడు ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. చెక్క శైలజకు ఇవ్వమని ముందే చెప్పారని, ఆమె చెల్లెలు ఆటోలో తెచ్చి ఇచ్చి పోయింది. బిళ్ళలన్నీ గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. పద్నాలుగు మాత్రం బయటి మేకుకు దారంతో కట్టేసి ఉంది. డాక్టరమ్మ వేసిన ముడిని విప్పడానికి నాకు చెయ్యి రాలేదు.

పోయిన నెల ఒకావిడ ఐదేళ్ళ ఆడపిల్లను తీసుకొచ్చింది. పిల్లకు పాలపన్ను పుచ్చింది. పన్ను చూసి మందు పెట్టాను. పిల్ల ఏడవలేదు, నా అద్దం లాక్కుని తన నాలుక చూసుకుంది. తల్లి నన్నే చూస్తోంది.

“నువ్వు శైలజ డాక్టరు గదా? నేను నీళ్ళు పట్టిచ్చిన మంజులను” అంది.

గుర్తుపట్టి నవ్వాను. ఈ పిల్ల ఆ రోజు గుక్కపట్టి ఏడ్చిన పాపే. నవ్వుతూనే, ఎంత భయపెట్టావు తల్లీ, దేవుడి దయవల్ల నీకు లేదని వచ్చింది కాబట్టి సరిపోయింది అన్నాను. ఆమె మొహం మారిపోయింది. లేదని ఎవరు చెప్పినారు అంది. తనకు వచ్చిందని, ల్యాబు ఫలితం రాగానే డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పి, ఆరోగ్యశాఖ ఆఫీసువాళ్ళకూ తెలియజేసి, పాపకు పాలెట్లా ఇవ్వాలో, మామను ఏ గదిలో ఉంచాలో అన్నీ నేర్పారని చెప్పింది. ఆసుపత్రిలో పడుకుని కూడా రోజూ సాయంత్రం ఫోన్ చేసి, పాప ఎట్లుండాది అని అడిగేవారట.

“నీళ్ళు పట్టిచ్చినందుకు నీ కాళ్ళు పట్టుకోవాలని వస్తానంటే అమ్మ వద్దనినాది. శైలజకు చెప్పొద్దు, తెలిస్తే పని వదిలేసి పోతాది, దాని చేతిలో మంచి పని ఉండాది అనినాది” అంది మంజుల.

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను చిన్నపిల్లను చేసి ఉంచారా అని. ఆ కోపం నిలబడలేదు. ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని, ఊపిరి అందక, ఒకవైపు ఈ పిల్లకు ధైర్యం చెబుతూ, ఒకవైపు నాకు కూరగాయల బండి కథ చెబుతూ ఉన్న ఆ ముసలామె కళ్ళముందు నిలబడింది. రోగుల ముందే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నోటితో నాకు అబద్ధం చెప్పారు. బిళ్ళతో మాత్రం చెప్పలేకపోయారు, పద్నాలుగును బయటి వరసలోనే ఉంచారు. దాన్ని నేను రోజూ కళ్ళెదుట పెట్టుకుని, కడిగి, తుడిచి, ఒక్కసారీ చూడలేదు.

మంజుల కూడా ఏడుస్తోంది, తను నీళ్ళు పట్టకపోయుంటే అమ్మకు ఆ కష్టం వచ్చేది కాదని. కుర్చీ అక్కడ వేసింది మేమే తల్లీ, ఈ మాట నాది కాదు, ఆమెదే అని చెప్పాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆ పన్ను ఏమైందని అడిగాను. తర్వాత ఎవరికీ చూపించలేదట. డాక్టరమ్మ పెట్టిన సిమెంటు ఎప్పుడో ఊడిపోయింది. ఇన్నేళ్ళుగా అవతలి పక్కనే నములుతోందట.

నేను చెక్క దగ్గరికి పోయాను. ముడి గట్టిగా ఉంది, గోటితో విప్పడానికి చాలాసేపు పట్టింది. బిళ్ళ తీసిన చోట చెక్కమీద గుండ్రటి మచ్చ. పళ్ళెంలో పనిముట్లు ఒక్కొక్కటే కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మంజులకు జ్వరం, దగ్గు ఏమన్నా ఉన్నాయేమో అడిగాను, దవడ కింద తడిమాను, నోరు తెరిపించి చూశాను. అప్పుడు బిళ్ళను లోపలి వరసలో తగిలించి, పద్నాలుగు అని పిలిచాను. మంజుల పాపను బెంచీమీద కూర్చోబెట్టి లోపలికి వచ్చింది.